ఎవరూ కొట్లాడని సీటు

మా బావగారు జనార్దన్ రెడ్డికి మొదట అంబాసిడర్ కారు కొనాలని ఉండేది. సూర్యాపేటలో కాస్త పేరున్న మిల్లు యజమానులందరికీ అదే ఉంది కాబట్టి ఆయనకూ అదే కావాలి. ఆయన ఆలోచనల్లో సగం ఇలాంటివే, పక్కింటి నుంచి నడుచుకుంటూ వచ్చినవి. మిగతా సగం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ అంబాసిడర్‌ను ఆపింది మా అహల్యక్క. అహల్యక్క ఆయన భార్య, నాకు తోటికోడలు. నేను ఆ ఇంటి చిన్నకోడలిని, సుగుణను. మా రెండు కాపురాలూ, మా అత్త రాజమ్మా, పిల్లలూ అందరం ఒకే ఇంట్లో, రైసు మిల్లు పక్కనే ఉండేవాళ్ళం.

"కారు కొంటే మీరొక్కరే ఊరేగుతరు. పెద్ద బండి కొంటే ఇంటిల్లిపాది పోతం" అని అహల్యక్క అన్నం వడ్డిస్తూ అంది. తొంభై ఐదో సంవత్సరం అది. సుమో బండ్లు అప్పుడప్పుడే రోడ్డెక్కుతున్నాయి. కోదాడ రోడ్డు మీద ఒకటి పోతుంటే జనం చేతిలో పని ఆపి చూసేవాళ్ళు. ఆ దృశ్యం గుర్తొచ్చి బావగారు పప్పు కలుపుకోవడం ఆపి, "నేను సుత గదే అనుకుంటున్న" అన్నారు. మంచి మాట ఎవరన్నా అది ఆయన అనుకుంటున్నదే అవుతుంది. 

హైదరాబాదు పోయి ఆర్డరు ఇచ్చే ముందు ఇంట్లో రంగు పంచాయితీ నడిచింది. మా అత్త మంచం మీద కూర్చుని తీర్పు చెప్పింది. "నలుపు వద్దు, శని. ఎరుపు వద్దు, బస్సు లెక్క ఉంటది. తెలుపు వద్దు, దవాఖాన బండి అనుకుంటరు."

"ఇగ ఏ రంగు తెమ్మంటవే అమ్మా?" అని బావగారు అడిగారు.

"నన్నడిగితే నాకేం తెలుస్తది? మీ ఇష్టం."

ఆయన తెల్లదానికే డబ్బు కట్టి వచ్చారు. లీడర్లందరికీ తెల్లవే ఉన్నాయట. బండి చేతికి రావడానికి కొన్ని నెలలు పడుతుందని అక్కడివాళ్ళు చెప్పారు. అయితే మా బావగారికి ఆగడం చేతకాదు. బండి రాకముందే షెడ్డు కట్టించారు, బండి రాకముందే డ్రైవర్‌ను పెట్టారు. ఆ డ్రైవర్ ఫూల్‌సింగ్. దగ్గరి తండా మనిషి, అప్పటిదాకా మా మిల్లులోనే ట్రాక్టర్ నడిపేవాడు. తోలడానికి బండి లేని డ్రైవర్ కాబట్టి రోజూ పొద్దున్నే వచ్చి ఖాళీ షెడ్డు ఊడ్చి, దాని ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. దారిన పోయేవాళ్ళు "ఏమాయె, బండి రాలేదా?" అంటే "రంగు ఆరుతున్నదట" అనేవాడు. ఎండాకాలమంతా ఆ రంగు ఆరుతూనే ఉంది. ఈలోగా షెడ్డులో మేకలు కాపురం పెట్టాయి.

చివరికి వానాకాలం మొదట్లో బండి వచ్చింది. కొబ్బరికాయలు, నిమ్మకాయలు, ఎర్రనీళ్ళ దిష్టి, అన్నీ అయ్యాయి. మొదటిసారి అందరం ఎక్కబోతుంటే మా అత్త చెయ్యి అడ్డం పెట్టి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పింది.

"మొగోళ్ళు ముందల. పెద్దోళ్ళు నడుమ. కోడండ్లు యెనక."

ఆ ఒక్క మాట మా ఇంట్లో చట్టమై కూర్చుంది. డ్రైవర్ పక్క సీటు బావగారిది. ఆయన కంటే పెద్దమనిషి ఎవరన్నా ఎక్కితే తప్ప అందులోంచి కదిలేవారు కాదు. నడిమి సీట్లో కిటికీ పక్కన మా అత్త, ఆమె సంచి, ఆ తరువాత మా ఆయన. సంచికి కూడా నడిమి సీటు దొరికేది. వెనక ఎదురెదురుగా రెండు చిన్న బల్లలుండేవి. అక్కడ నేనూ అహల్యక్కా మోకాళ్ళకు మోకాళ్ళు తగిలించుకుని, మధ్యలో అన్నం గిన్నెలు పెట్టుకుని, పిల్లల్ని ఒళ్ళో వేసుకుని కూర్చునేవాళ్ళం. వెనక అద్దంలోంచి మాకు వదిలి వచ్చిన ఊరే కనిపించేది తప్ప పోయే ఊరు కనిపించేది కాదు. కోదాడ ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు, దాటిపోయాక తెలిసేది.

బావగారు బండి నడపడం నేర్చుకోలేదు. నేర్చుకుంటే పరువు పోతుందని ఆయన నమ్మకం. మార్కెట్‌యార్డులో నలుగురి ముందూ గర్వంగా చెప్పేవారు. "స్టీరింగు పట్టినోడు జీతగాడు. పక్కన కూసున్నోడు పటేలు." మా ఆయనకు సొంత అభిప్రాయాలు తక్కువ, అన్నగారి మాటకు తల ఊపుతారు. దాంతో ఫూల్‌సింగ్‌కు జ్వరం వస్తే బండికి కూడా జ్వరం వచ్చినట్టే. అది షెడ్డులో ఉండేది, మేం బస్టాండులో ఉండేవాళ్ళం.

కార్తీకంలో కోదాడలో మా బంధువుల పెళ్ళి జరిగింది. ఫంక్షన్ హాలు ముందు సుమో ఆగగానే బావగారు ముందు తలుపు తీసుకుని కండువా సర్దుకుంటూ దిగారు. మేము వెనక తలుపులోంచి, ముందు గిన్నెలు దింపి, తరువాత పిల్లల్ని దింపి, ఆ తరువాత మేం దిగాం. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన పెళ్ళికూతురి మేనత్త గేటు దగ్గరే ఉంది.

"అయ్యో, మీరా వదినా! వెనక తలుపు తీస్తుంటే వంట సామాను దింపుతున్నారనుకున్నానండీ" అని ఆవిడ పకపకా నవ్వింది. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. ఆవిడ మనసులో ఏమీ లేదు, నోట్లో ఉన్నది బయటికి వచ్చిందంతే. అహల్యక్క కూడా నవ్వింది. కానీ తిరుగు దారిలో సూర్యాపేట వచ్చేదాకా వెనక తలుపు గడియ వైపే చూస్తూ కూర్చుంది. నాకైతే ఆ పెళ్ళిభోజనం వారం రోజులు అరగలేదు.

ఇంతవరకూ అయితే ఏదో సర్దుకునేవాళ్ళమే. కొన్నాళ్ళకు అహల్యక్క తమ్ముడు సత్యనారాయణ వాడపల్లి నుంచి వచ్చాడు. వాడపల్లి అక్క పుట్టిల్లు, మిర్యాలగూడ దాటి పోవాలి. వాళ్ళమ్మ మంగమ్మ అక్కడే ఉంటుంది. బిడ్డకు సుమో వచ్చిందని విన్నప్పటి నుంచి ఆమె కాలు నేల మీద నిలవడం లేదట. ఊరంతా తిరిగి చెప్పింది. ఒకరికే రెండుసార్లు చెప్పింది. నెలలు గడిచినా బండి ఆ ఊరి మొహం చూడలేదు.

"మా పక్కింటి గట్టయ్య రోజు ఇంటి ముందల మోపైతుండు అక్కా" అని సత్యనారాయణ దిగులుగా చెప్పాడు. "'ఓ పెద్దవ్వా, నీ బిడ్డ కారు కృష్ణల మునిగిందా?' అని పదిమందిల అంటుండు. అమ్మకు కోపమొచ్చి ఒట్టు పెట్టుకున్నది. శివరాత్రి జాతరకు నా బిడ్డ కార్ల రాకపోతే, ఇగ ఈ ఊర్ల నేను నోరిప్ప అన్నది."

"అయ్యో, గట్లన్నదా?"

"అన్నది. అమ్మ నోరిప్పకుంటే బతుకుతదా అక్కా?"

నాకు నవ్వొచ్చింది. అక్కకు రాలేదు. ఆ పూటే ధైర్యం చేసి మా అత్తను అడిగింది, శివరాత్రికి బండిలో పోయి వస్తానని. మా అత్త తమలపాకుకు సున్నం రాస్తూ, "పుట్టింటికి పోతవు సరే. మన బండిల మాత్రం పోవద్దు" అంది.

ఇక్కడ మా ఇంటి ఆనవాయితీ చెప్పాలి. ఈ ఇంటి కోడలు పుట్టింటికి పోవాలంటే పుట్టింటివాళ్ళే వచ్చి, వాళ్ళ ఖర్చుతో, వాళ్ళ బండిలో తీసుకుపోవాలి. ఎప్పుడో మా మామగారి తాతల కాలంలో ఒక కోడలిని అత్తింటి కచ్చురంలోనే ఎక్కించి పుట్టింటికి పంపారట. గూడు కట్టిన ఆ ఎడ్లబండి వాకిట్లో దింపి వెనక్కి వచ్చేసింది, ఆమె మాత్రం మళ్ళీ రాలేదు. అప్పటినుంచి అత్తింటి బండిలో పోయిన కోడలంటే వెళ్ళగొట్టిన కోడలని అర్థం. కచ్చురం చెదలు పట్టి పోయింది. ఆనవాయితీకి మాత్రం చెదలు పట్టలేదు, నేరుగా వచ్చి సుమోలో కూర్చుంది.

సత్యనారాయణకు ఉన్నది ఒక పాత లూనా. దాని మీద అక్కను ఎక్కించుకుని పోతే మంగమ్మ ఒట్టు సంగతి ఏం కాను? అందుకని అతను బావను బతిమిలాడాడు.

"బావా, మీరు సుత రాండ్రి. అల్లుడొచ్చినట్టు ఉంటది, కారొచ్చినట్టు ఉంటది."

"పిలవంది ఎట్ల వస్తరా బామ్మర్దీ?"

"గిప్పుడు పిలుస్తున్న గద బావా."

"గిట్ల పిలుస్తరా? బట్టలు పెట్టి, బొట్టు పెట్టి పిలువాలె. అయిన శివరాత్రికి నేను మేళ్ళచెరువు జాతరకు పోవాలె" అని బావగారు లేచి మిల్లులోకి పోయారు. ఆ బండి కొనడానికి కారణమైన మనిషికి ఆ బండిలో తల్లిగారింటికి పోయే దారి లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మాత్రం ఏడవలేదు, అరవలేదు. సాయంత్రం షెడ్డు గుమ్మంలో నిలబడి బండిని చాలాసేపు చూసింది.

"సుగుణా, గీ బండిల ఎవరు కొట్లాడని సీటు ఒక్కటే ఉన్నది. సూసినవా?" అంది.

నేను ఒక్కొక్క సీటూ చూసుకుంటూ వచ్చాను. ముందుది బావగారిది. నడిమిది అత్తది. వెనకది మాది, అందులోనూ గిన్నెలకూ మాకూ పోటీ. చివరికి నా చూపు స్టీరింగు మీద ఆగింది.

మర్నాడే అక్క ఫూల్‌సింగ్‌ను పిలిచి బండి నేర్పమని అడిగింది. అతను రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, పటేలుకు తెలిస్తే నన్ను వడ్లతోని కలిపి ఉడకబెడ్తడు."

"తెల్వది. మధ్యాన్నం మార్కెట్‌యార్డుల ఉంటడు గద. నేను నేర్చుకున్ననుకో, నువ్వు పండుగకు నిమ్మళంగ ఇంటికి పోవచ్చు. తీజ్ పండుగకు పోలేదని సీతాబాయి నీతోని మాట్లాడలేదంటివి?"

సీతాబాయి అతని భార్య. ఆ పేరు వినగానే ఫూల్‌సింగ్ చేతులు దించాడు. బావగారి కోపం ఎప్పుడో వచ్చేది, సీతాబాయి కోపం రోజూ ఇంట్లో ఉండేది.

మిల్లు వెనక వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం ఉంది. మధ్యాహ్నం పూట అక్కడ చదువు మొదలైంది. నన్ను మేడ మీద కాపలా పెట్టారు. బావగారి స్కూటర్ మలుపు తిరగడం కనిపిస్తే నేను స్టీలు పళ్ళెం కింద పడెయ్యాలి. ఆ చప్పుడు వినగానే వాళ్ళు సీట్లు మారాలి. పళ్ళేలన్నీ సొట్టలు పడ్డాయి. "ఈ చిన్నదాని చేతులకు బొక్కలు పడ్డయి" అని మా అత్త నన్ను తిట్టని రోజు లేదు.

"క్లచ్చి తొక్కాలె అమ్మా. మెల్లగ ఇడువాలె. మెల్లగ... అమ్మా, మెల్లగ అన్న!" అని ఫూల్‌సింగ్ కేకలు మేడ మీదికి వినిపించేవి. బండి కప్పలాగా గెంతి ఆగిపోయేది. ఒకరోజు బ్రేకు అనుకుని మరొకటి తొక్కి అక్క నేరుగా ఊక కుప్పలోకి పోయింది. కాసేపు బండి కనిపించలేదు. కుప్ప కదిలింది, హారన్ మోగింది, ఊకలోంచి ముందు ఫూల్‌సింగ్ బయటికి వచ్చాడు. అతను వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. దేవుణ్ణి పిలిచాడో సీతాబాయిని తిట్టుకున్నాడో నాకు అర్థం కాలేదు. అక్క కిటికీలోంచి తల బయటికి పెట్టి, జుట్టు నిండా ఊకతో, "మళ్ళ ఒకసారి" అంది.

ఆ సాయంత్రం బావగారు తన సీట్లో కూర్చుని కింద చెయ్యి పెడితే పిడికెడు ఊక వచ్చింది. "ఏందిరా ఇది?" అన్నారు.

"గాలి పటేలా."

"గాలికి సీటు కిందికి వస్తదారా?"

"సుడిగాలి పటేలా" అన్నాడు ఫూల్‌సింగ్, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

అక్కకు చెయ్యి కుదిరాక లైసెన్సు కావలసి వచ్చింది. కళ్ళు మసకగా ఉన్నాయనీ, నల్లగొండ కంటి దవాఖానకు పోవాలనీ ఇంట్లో చెప్పాం. తోడు నేను. రెండు మూడు సార్లు తిరిగి లైసెన్సు సంపాదించాం. దవాఖానకు పోయినట్టు రుజువు కావాలి కదా, మొదటిసారే బస్టాండు దగ్గర దుకాణంలో సాదా అద్దాల కళ్ళజోడు కొన్నాం, లైసెన్సు ఫొటో కూడా అక్క దాంతోనే దిగింది. అది పెట్టుకుని ఇంటికి రాగానే మా అత్త దగ్గరికి వచ్చి చూసింది.

"ఇప్పుడు మంచిగ కనపడుతున్నదా అహల్యా?"

"మస్తు దూరం కనపడుతున్నది అత్తమ్మా" అంది అక్క.

నేను నవ్వు ఆపుకోలేక నీళ్ళబిందె దగ్గరికి పరుగెత్తాను.

శివరాత్రి వచ్చింది. ఫూల్‌సింగ్ రెండు రోజుల ముందే సెలవు అడిగి తండాకు పోయాడు, వాళ్ళింట్లో పెళ్ళి ఉంది. డ్రైవర్ లేడు కనుక పదిమంది పట్టే బండిని షెడ్డులో ఉంచి, మా ఇంటి మగవాళ్ళిద్దరూ పిల్లల్ని వెంటబెట్టుకుని మేళ్ళచెరువు జాతరకు బస్టాండు దాకా నడుచుకుంటూ పోయారు. ఆ పటేలు నడక చూసి నాకు కాస్త జాలి కూడా కలిగింది. కొద్దిగానే.

అక్కను తీసుకుపోవడానికి సత్యనారాయణ ముందురోజే వచ్చి ఉన్నాడు. బస్సులో పోవాలని అతని మొహం వాడిపోయి ఉంది. అహల్యక్క తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, గోడ మేకుకున్న చాబీ తీసుకుంది. నేనూ తయారయ్యాను. ముగ్గురం షెడ్డు దగ్గరికి పోయేసరికి ఉపవాసంతో ఉన్న మా అత్త అరుగు మీద కూర్చుని ఉంది.

"ఫూల్‌సింగ్ లేడు గద. బండి దగ్గరికి పోతున్నరేంది?"

"పుట్టింటికి పోతున్న అత్తమ్మా."

"ఎవరు తోల్తరు?"

"నేనే."

మా అత్త సత్యనారాయణ వైపు చూసింది. "నాకు తెల్వదత్తా, నిజంగ తెల్వదు" అని అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"మన ఇంటి బండిల పోయిన కోడలు ఏమైతదో తెలుసా నీకు?" అని అత్త లేచి నిలబడింది.

"పంపితే ఎల్లగొట్టినట్టు అత్తమ్మా. నన్ను ఎవరు పంపుతలేరు. నేనే పోతున్న, నేనే వస్త. తోల్కపోతందుకు మా తమ్ముడు వచ్చిండు. మీ మాట ఎక్కడ తప్పిన చెప్పుండ్రి."

కోడలే బండి నడిపితే ఏం చెయ్యాలో మా ఇంటి తాతముత్తాతలు ఎవరూ చెప్పి పోలేదు.

"వాపస్ రాకపోతే?" అని అత్త అడిగింది.

"బండి మీది గద అత్తమ్మా. తెచ్చియ్యకుంటే ఊకుంటరా?"

"బండి సంగతి అడుగుతలేను" అంది మా అత్త. అక్క ఆమె కాళ్ళకు దండం పెట్టి బండెక్కింది.

నేను నడిమి సీట్లో కిటికీ పక్కన, మా అత్త సీట్లో కూర్చున్నాను. రోడ్డు మాకు ఎదురుగా వచ్చింది. చెట్లు ముందు చిన్నగా కనిపించి, పెద్దవై, పక్కకు తప్పుకున్నాయి. ఇన్నాళ్ళూ అవి వెనక్కి చిన్నవైపోవడమే చూశాను. నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. సత్యనారాయణకూ వచ్చాయి, అతనివి భయంతో. ముందు సీట్లో రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఎదురుగా లారీ వచ్చిన ప్రతిసారీ శంకరుణ్ణి తలచుకున్నాడు. పండుగ రోజు కాబట్టి పుణ్యం కూడా వచ్చి ఉంటుంది.

మిర్యాలగూడలో జాతర రద్దీకి ఒక కానిస్టేబులు బండ్లు ఆపి పంపుతున్నాడు. మా బండి దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూశాడు.

"డ్రైవర్ ఏడమ్మా?"

"నేనే" అని అక్క లైసెన్సు చేతికిచ్చింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఫొటోల అద్దాలున్నయి, మొకానికి లేవేంది?"

అక్క గబగబా సంచి వెతికి ఆ సాదా అద్దాలు పెట్టుకుంది. ఆయనకు తృప్తి కలిగింది. "గట్ల పెట్టుకొని తోలాలె. కండ్లు కనపడకుంటే ఎట్ల?" అని మందలించి, ఎదురొచ్చే ఎడ్లబండిని ఆపి మరీ మాకు దారి ఇచ్చాడు.

మిర్యాలగూడ దాటాక సాగర్ కాల్వ నీళ్ళతో పొలాలు పచ్చగా ఉన్నాయి. సిమెంటు లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. వాడపల్లి వచ్చేసరికి మూసీ కృష్ణలో కలిసే చోట స్నానాలకు పోయే జనంతో దారంతా నిండి ఉంది. అక్క మెల్లగా, హారన్ కొట్టుకుంటూ పోయి తల్లి వాకిట్లో ఆపింది.

మంగమ్మ తెల్లవారినప్పటి నుంచీ గడప దగ్గరే కూర్చుందట. లేచి పరుగులాంటి నడకతో వచ్చి ముందు సీట్లో చూసింది, కొడుకు. నడిమి సీట్లో చూసింది, నేను. బండి వెనక్కి పోయి అద్దంలోంచి చూసింది, ఎవరూ లేరు. ఆమె మొహం పాలిపోయింది.

"బిడ్డేదిరా? పంపలేదా?" అని కొడుకును అడిగింది.

అవతలి తలుపు తీసుకుని అక్క దిగింది. "అమ్మా, గీడున్న."

"గా దిక్కు నుంచి దిగుతవేంది? డ్రైవర్ పారిపోయిండా?"

"డ్రైవర్‌ను నేనేనే అమ్మా."

మంగమ్మ బిడ్డను చూసింది, బండిని చూసింది, మళ్ళీ బిడ్డను చూసింది. అప్పటికి చుట్టూ జనం చేరారు. ఆ ముందు వరసలో నోరు తెరుచుకుని నిలబడ్డవాడే గట్టయ్య అని నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

సత్యనారాయణను దింపి, అక్క తల్లిని ముందు సీట్లో కూర్చోమంది. మంగమ్మ చెప్పులు కిందనే విడిచి, గుడిలోకి పోయినట్టు కుడికాలు పెట్టి ఎక్కింది. ఎక్కాక కిటికీలోంచి తల బయటికి పెట్టి, "గట్టయ్యా, ఎక్కు. యెనక జాగ ఉన్నది" అంది. గట్టయ్య నిజంగానే ఎక్కాడు. ఎక్కి, ఆ ఎదురు బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని, నది ఒడ్డు దాకా పోయి తిరిగి వచ్చేదాకా కిక్కురుమనలేదు. ఒట్టు మంగమ్మది, నోరు మూతబడింది మాత్రం అతనిది.

ఇంటి ముందు దిగాక మంగమ్మ బిడ్డ చేతులు రెండూ పట్టుకుంది. స్టీరింగు పట్టిన చోట అరచేతులు ఎర్రగా ఉన్నాయి, వాటిని తడుముతూ ఉండిపోయింది.

"కారు సూస్తననుకున్న బిడ్డా. నిన్ను గిట్ల సూస్తననుకోలే" అంది. అహల్యక్క ఏడ్చింది. కోదాడలో ఏడవనిది, షెడ్డు ముందు ఏడవనిది, అంతా కలిపి అక్కడ ఏడ్చింది.

పొద్దుగూకక ముందే సూర్యాపేట చేరుకున్నాం. బస్సు రద్దీలో నలిగి, కండువా ఎక్కడో పోగొట్టుకుని వచ్చిన బావగారు ఖాళీ షెడ్డు చూసి అప్పటికే శివతాండవం చేస్తున్నారు.

"జీతగాని సీట్ల కూసుంటవా? రేపు మార్కెట్ల నా మొకం ఎట్ల సూపియ్యాలె? పటేలు పెండ్లాం డ్రైవర్ పనికి కుదిరిందంటరు!"

"పటేలు బస్సుల నిలవడి పోయిండంటే మంచిగున్నదా?" అని అక్క అడిగింది.

ఆయన చాబీ లాక్కుని జేబులో వేసుకున్నారు. ఇక ఈ బండి ముట్టుకుంటే మంచిగుండదని అరిచారు. మా ఆయన తల ఊపబోయి నా మొహం చూసి మధ్యలో ఆపారు. ఇంత గొడవ జరుగుతున్నా మా అత్త ఒక్క మాట కూడా అనలేదు. ఆమె కోపం ముందు ముందు ఎంత పెద్దదిగా వస్తుందోనని నాకు దడ పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే మా అత్త స్నానం చేసి, పెట్టె అడుగున దాచుకున్న నేతచీర కట్టుకుని, సంచి పట్టుకుని బయటికి వచ్చింది. నేరుగా షెడ్డులోకి నడిచింది. ముందు తలుపు తీసి, కష్టపడి ఎక్కి, బావగారి సీట్లో కూర్చుంది.

బావగారు పళ్ళపుల్ల నోట్లోనే పెట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "ఏందే అమ్మా? ఫూల్‌సింగ్ ఎల్లుండిగాని రాడు."

"వాడెందుకు? చాబీ అహల్యకు ఇయ్యి."

"ఏడికి పోతవ్?"

"మోతెకు."

మోతె మా అత్త పుట్టిన ఊరు. ఎంతో దూరం కాదు, సూర్యాపేట నుంచి బస్సెక్కితే కూర్చున్న ఒళ్ళు కుదురుకునే లోపల వస్తుంది. అయినా నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె అక్కడికి పోయింది లేదు. ఎందుకు పోదో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు.

"మా అన్న సచ్చిపోయినంక నన్ను తోల్కపోతందుకు ఎవరు రాలేదురా" అని ఆమె ముందు అద్దంలోంచి చూస్తూ కొడుకుతో చెప్పింది. "వస్తరు వస్తరు అని సూసిన. ఎవరున్నరు వస్తందుకు? తోల్కపోకుంటే పోవద్దాయె. నిన్న ఇది పోయింది, మళ్ళ ఇంటికొచ్చింది. ఏం కాలే."

బావగారు జేబులోంచి చాబీ తీసి అహల్యక్క చేతిలో పెట్టారు. అక్క స్టీరింగు ముందు కూర్చుంది. నేను నడిమి సీట్లో సంచి పక్కన కూర్చున్నాను. బావగారు కాసేపు అటూ ఇటూ చూసి, వెనక తలుపు తీసుకుని, తల వంచి ఎక్కారు. ఆ బల్ల మీద ఆయన మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"అది సరే గని, మోతెల ఇప్పుడు ఎవరున్నరమ్మా?" అని వెనక నుంచి అడిగారు.

"ఎవ్వరు లేరురా" అంది మా అత్త. "ఊరున్నది గద."

తరువాత అహల్యక్క వైపు తిరిగి, "తోలు బిడ్డా" అంది.